కుర్చీ వదిన గగనయానం

ఆ వీధిలో ఎవరు విమానం ఎక్కినా కుర్చీ వదిన కూడా వాళ్ళతోపాటు ప్రయాణం చేస్తుంది. ఇంట్లోంచి అడుగు బయటపెట్టకుండా. అక్కడ విమానం నేల వదిలే వేళకి ఇక్కడ ఆవిడ కిటికీ పక్కన చేతుల కుర్చీలో కూర్చుని, పాత కర్టెన్ గుడ్డతో తనే కుట్టుకున్న బెల్టు నడుముకి బిగించుకుంటుంది. "దిగాం" అని అవతల్నుంచి ఫోను వచ్చేదాకా లేవదు. చుట్టాలొచ్చినా లేవదు, దొంగలొచ్చినా లేవదు. ఒకసారి వంటింట్లో కొళాయి ఊడిపోయి నీళ్ళు ముందుగదిలోకి వచ్చేస్తే, కాళ్ళు పైకి ముడుచుకుని, "ఇప్పుడు సముద్రం మీద ఉన్నాం" అందట. అందట ఏమిటి, అన్నది. ఆ నీళ్ళు తోడిపోసింది ఆవిడ మొగుడే.

ఆయనకి వీధి మలుపులో కళ్ళజోళ్ళ దుకాణం. దుకాణం వెనకగదిలో ఆయన చెల్లెలు పళ్ళ సెట్లు తయారుచేస్తుంది. కుర్చీ వదినేమో ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు వదులు చేస్తుంది, బిగిస్తుంది. "వీళ్ళ ముగ్గురి చేతిలో పడితే ముసలాడు కూడా పెళ్ళికొడుకై బయటికొస్తాడు" అని వీధిలో జనం అంటుంటారు. ముగ్గురిలోకీ నోరు లేనివాడు కళ్ళజోళ్ళాయనే. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడగా మిగిలిన మాటలు ఆయన వాటా. అవి రోజుకి నాలుగో ఐదో ఉండేవి.

విమానం రోజున ఆ నాలుగు మాటలూ ఏవి అనాలో కూడా వదినే చెప్పేది.

"ఏమండీ, అలా పళ్ళెం ఒళ్ళో పెట్టేసి పోతారేమిటి? టీయా కాఫీయా అని అడగాలి."

"ఇంట్లో కాఫీ పొడి లేదుగా."

"లేకపోతే మానె. అడగాలి."

"టీయా, కాఫీయా?"

"కాఫీ."

"లేదన్నానుగా."

"అయితే టీ. ఇప్పుడు సరిగ్గా విమానంలో ఉన్నట్టుంది."

జన్మలో విమానం గడప తొక్కని మనిషి ఆవిడ. ఎక్కొచ్చినవాళ్ళని కూర్చోబెట్టి గుచ్చిగుచ్చి అడిగి అంతా పట్టేసింది. పైకి లేచేటప్పుడు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని వెనక్కి వాలేది. చెవులు మూసుకుపోకుండా నోట్లో బిళ్ళ వేసుకునేది. సూదులూ కత్తెరా విమానంలోకి రానివ్వరని ముందే తెలుసుకుని, కూర్చునేముందు జడలో పిన్నులతో సహా అన్నీ తీసి మొగుడి చేతిలో పోసేది. ఆయన గోళ్ళు తీసుకునే కట్టరు కూడా బీరువా ఎక్కేది. "నేనెందుకివ్వాలి, నేను ప్రయాణం చేయడం లేదుగా" అని ఆయన ఒకసారి అడిగితే, "మీరు సిబ్బంది. మీకు ఇంకా కట్టుదిట్టం" అంది. స్నానాలగదికి లేవడానికి మాత్రం ఒప్పుకునేది, విమానంలో కూడా ఉంటుంది కాబట్టి. కానీ మంచానికీ బీరువాకీ మధ్య సందులోంచే పక్కకి తిరిగి నడిచేది. ఆ తలుపు ముందు కాసేపు నిలబడేది కూడా.

"లోపలెవరూ లేరు, వెళ్ళు" అనేవాడు ఆయన.

"ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారట. నిలబడాలట."

అన్నిటికన్నా ముఖ్యమైన ఉద్యోగం చివర్లో ఉండేది. అవి జేబుల్లో ఫోన్లు లేని రోజులు. బల్లమీద ఒకే ఒక తీగ ఫోను. అది మోగగానే ఆయన పరుగున వచ్చి, కుర్చీ వెనక కాళ్ళు జానెడు పైకెత్తి టప్పున వదలాలి. చక్రాలు నేలకి తగిలినట్టన్నమాట. అప్పుడుగాని ఆవిడ ఫోను ఎత్తదు. కళ్ళజోళ్ళాయన సున్నితంగా వదిలితే, "ఇదేం దిగడమండీ, దూది మీద దిగినట్టు. మళ్ళీ" అనేది. అవతల ఫోను మోగుతూనే ఉండేది.

ఈ వ్యవహారం మొదలైంది బేకరీ తమ్ముడితో. తమ్ముడంటే తోడబుట్టినవాడు కాదు, ఎదురింట్లో రొట్టెల భట్టీ నడిపే మనిషి. తలుపులో పట్టని ఒళ్ళు, పిల్లి అరిస్తే జడుసుకునే గుండె. కొత్త భట్టీ కొనడానికి ఎక్కడికో ఎగరాల్సొచ్చి, వారం ముందునుంచీ రొట్టెల్లో ఉప్పు వేయడం మరిచిపోయాడు. వీధి వీధంతా చప్పిడి రొట్టెలు తింది. చూడలేక వదిన, "నువ్వు ఎక్కు తమ్ముడూ. నువ్వు దిగేదాకా నేనూ ఇక్కడ కుర్చీలో కూర్చుంటా, సరేనా" అంది. అన్నమాట ప్రకారం కూర్చుంది కూడా.

అతను అక్కడ దిగి ఫోను చేసి బావురుమన్నాడు. దారిలో విమానం కుదుపులు కుదిపేసిందట. పక్కసీటాయన పళ్ళ సెట్టు ఊడి అతని ఒళ్ళో పడిందట. అతను చచ్చి బతికాడట. ఎన్నింటికి అని ఆవిడ అడిగింది. ఫలానా వేళకి అని అతను చెప్పాడు. "అయ్యో తమ్ముడూ, అప్పుడే పొయ్యి మీద పాలు పొంగుతుంటే ఒక్క క్షణం లేచాను" అంది వదిన.

అంతే. ఆ మాట వీధంతా పాకిపోయింది. వదిన లేస్తే విమానం ఊగుతుంది. ఆ రోజే కర్టెన్ గుడ్డతో బెల్టు తయారైంది. ఇక వీధిలో ఎవరు టికెట్ కొన్నా ముందు వదిన దగ్గరికొచ్చి ఆ రోజు ఖాళీయేనా అని కనుక్కునేవాళ్ళు. పైకి పడీపడీ నవ్వుతూనే, వెళ్ళేముందు కుర్చీ కాళ్ళు గట్టిగా ఉన్నాయో లేదో కదిపి చూసుకునేవాళ్ళు. బేకరీ తమ్ముడికైతే గాల్లో తిరగడం సందు చివరికి వెళ్ళొచ్చినట్టైపోయింది. ఒకటీ రెండూ మూడూ ప్రయాణాలయ్యాయి. ప్రతిసారీ దిగగానే, "ఈసారి ఒక్కసారి ఊగింది అక్కయ్యా, తుమ్మావా?" అని అడిగేవాడు. "తుమ్మాను తమ్ముడూ, ఏమనుకోకు" అనేది ఆవిడ.

కళ్ళజోళ్ళాయన ఇదంతా నోరు వెళ్ళబెట్టి చూసేవాడు. తన భార్యకి పిచ్చి అని ఆయనకి గట్టి నమ్మకం. కానీ అంత శ్రద్ధగా పిచ్చిపట్టిన మనిషిని ఆయన ఎక్కడా చూడలేదు. కొండని చూసినట్టు, సముద్రాన్ని చూసినట్టు, వంటింటి గుమ్మంలో పళ్ళెం పట్టుకుని నిలబడి చూస్తుండేవాడు.

ఇంతలో ఆయన చెల్లెలి పీకలమీదకొచ్చింది.

పళ్ళ సెట్లు చేసే కొత్త మిషను ఒకటి వచ్చింది. నోట్లో కొలత ఇస్తే చాలు, పన్ను పన్నుకీ అదే చెక్కేస్తుంది. ఊళ్ళో పళ్ళ డాక్టర్లు ఒక్కొక్కరే ఆమెకి పని ఇవ్వడం తగ్గించారు. మిషను తయారుచేసే కంపెనీ భూమికి అవతలి వైపు ఎక్కడో ఉంది. అక్కడికెళ్ళి నెలరోజులు నేర్చుకున్నవాళ్ళకి వాయిదాల మీద మిషను ఇస్తారు. వెళ్ళకపోతే వెనకగదికి తాళం వేసుకోవాల్సిందే. ఇరవయ్యేళ్ళుగా ఆ గదిలో పింగాణీ పిండి వాసనలో బతికిన మనిషి ఆమె. అది తప్ప ఇంకో పని రాదు, ఇంకో పని అక్కర్లేదు.

కానీ విమానం అంటే భయం. మామూలు భయం కాదు. నలుగురు బేకరీ తమ్ముళ్ళకి పంచినా ఇంకా మిగిలేంత. రెండుసార్లు టికెట్ కొని, రెండుసార్లూ విమానం గుమ్మందాకా వెళ్ళి వెనక్కొచ్చేసింది. మొదటిసారి కడుపునొప్పి అంది. రెండోసారి ఏమీ అనలేదు, పెట్టె ఈడ్చుకుంటూ వచ్చి తలుపేసుకుంది. మూడోసారి కూడా రాకపోతే ఇక మీ చోటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తామని కంపెనీవాళ్ళు కబురుపెట్టారు.

టికెట్ తెచ్చింది కళ్ళజోళ్ళాయనే. తెచ్చి, ముక్కు మీదకి అద్దాలు జార్చుకుని చదివాడు.

"పొద్దున ఆరింటికి బయల్దేరుతుంది. పదకొండుకి దిగుతుంది. ఐదు గంటలు."

"ఐదేనా అన్నయ్యా?"

"పదకొండులోంచి ఆరు తీసెయ్యి."

"భూమికి అవతలి వైపు అంటున్నారు కదా."

"పెద్ద విమానం. జోరుగా పోతుంది."

ఆమె వేళ్ళు మడిచి లెక్కేసుకుంది. ఐదు గంటలంటే ఒక పైవరస సెట్టు మైనంలో కట్టే టైము. పని మీద కూర్చుంటే ఐదు గంటలు ఎటుపోతాయో ఆమెకి తెలియను కూడా తెలియదు. కళ్ళు మూసుకుని మనసులోనే ఒక సెట్టు కడుతూ కూర్చుంటే వచ్చేస్తుంది.

"ఐదైతే ఓర్చుకుంటా. ఆరైతే నావల్ల కాదు, ముందే చెబుతున్నా."

"ఐదే" అన్నాడు ఆయన. ఆయన జీవితంలో ఒక మాట అంత గట్టిగా అన్నది అదే మొదలు.

వదిన మిషను ఆపి తలెత్తింది. "ఐదు గంటలకి రెండు భోజనాలు చాలు. మధ్యలో ఒక బిస్కెట్టు. నువ్వు నిశ్చింతగా వెళ్ళిరా. నేను ఇక్కడ మేకు కొట్టినట్టు కూర్చుంటా."

"నువ్వు తుమ్మకు వదినా."

"ముక్కుకి బట్టల క్లిప్పు పెట్టుకుంటా."

ఆడపడుచు నవ్వింది. వారం రోజుల్లో అదే మొదటి నవ్వు.

ఆ రోజు పొద్దున విమానాశ్రయంలో చెల్లెల్ని లోపలికి పంపి, ఆమె వెనక్కొచ్చేస్తుందేమోనని తలుపు దగ్గరే కాపు కాశాడు కళ్ళజోళ్ళాయన. రాలేదు. లోపలున్న ఫోనులోంచి ఆమె ఇంటికి ఫోను చేసి, "వదినా, ఎక్కుతున్నా. కూర్చో" అని మాత్రం అందట. ఆయన ఇంటికొచ్చేసరికి వదిన అప్పటికే గాల్లో ఉంది. ముక్కుకి నిజంగానే బట్టల క్లిప్పు ఉంది. ముక్కుతో మాట్లాడుతూ, "టీ ఆలస్యబైంది" అంది.

ఎనిమిదయ్యింది, తొమ్మిదయ్యింది. మొదటి భోజనం రొట్టె, ఉడికిన గుడ్డు. రెండో భోజనం రొట్టె, ఉడికిన ఇంకో గుడ్డు. పదకొండు కాకముందే ఆయన కుర్చీ వెనక నిలబడి కాళ్ళెత్తడానికి వంగాడు. వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. ఫోను మోగలేదు. నడుం పట్టేసింది. లేచి మళ్ళీ వంగాడు. పన్నెండైంది.

"పెట్టెలు రావడం ఆలస్యమై ఉంటుంది" అంది వదిన.

ఒంటిగంటైంది. ఆయన ఫోను ఎత్తి, అది పనిచేస్తోందో లేదో విని, పెట్టేశాడు. మళ్ళీ ఎత్తి విన్నాడు.

"దాన్నలా ఎత్తుతూ ఉంటే అది ఎలా మోగుతుంది? వెళ్ళి ఆ టికెట్ల అబ్బాయిని అడిగి రండి."

టికెట్ల అబ్బాయి దుకాణం రెండు వీధుల అవతల. ప్రపంచంలో ఏ ఊరికైనా టికెట్ అమ్ముతాడు, తను మాత్రం నిచ్చెన ఎక్కితే కళ్ళు తిరిగి పడిపోతాడు. గోడనిండా ప్రపంచపటం, దానికింద అతను, అతని ముందు టీ గ్లాసు. కళ్ళజోళ్ళాయన రొప్పుతూ వెళ్ళి పడ్డాడు.

"ఏమయ్యా, మా చెల్లెలి విమానం ఏమైంది?"

"ఏమైంది బాబాయ్?"

"పదకొండుకి దిగాలి."

"దిగుతుంది."

"ఇప్పుడు ఒంటిగంట దాటింది."

"ఇక్కడ దాటింది. అక్కడ ఇంకా తెల్లారనే లేదు."

కళ్ళజోళ్ళాయన అద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. మాట సరిగ్గా వినబడకపోయినా ఆయన తుడిచేది అద్దాలే.

"బాబాయ్, టికెట్ మీద బయల్దేరేది మన గడియారం, దిగేది వాళ్ళ గడియారం. వాళ్ళది మనకన్నా తొమ్మిది గంటలు వెనక నడుస్తుంది. ఇంతవరకు మన వీధివాళ్ళు వెళ్ళిన ఊళ్ళన్నిటికీ గడియారం ఒకటే కాబట్టి తేడా రాలేదు."

"ఐదుకి తొమ్మిది కలిపితే..."

"పద్నాలుగు. పన్నెండు వేల కిలోమీటర్లు బాబాయ్. ఇటు చూడండి." అతను దారం ఒకటి తీసి పటం మీద ఈ ఊరినుంచి ఆ ఊరిదాకా లాగాడు. మధ్యలో క్యాలెండరు అడ్డమొస్తే దాన్ని తీసి పక్కనపెట్టి లాగాడు. "ఐదు గంటల్లో ఇంత దూరం పోవాలంటే విమానానికి వెనకాల తారాజువ్వ కట్టాలి."

"మరి నాకెందుకు చెప్పలేదయ్యా?"

"మీరు అడగలేదుగా. పొద్దున ఎక్కితే పొద్దునే దిగుతారా అన్నారు. దిగుతారు అన్నాను. అందులో అబద్ధం లేదు. పొద్దు తూర్పునుంచి పడమటికి పోతుంది, విమానమూ పడమటికే పోతోంది. ఇద్దరిదీ ఒకే దారి. పొద్దు దీన్ని దాటిపోదామని చూస్తుంటే ఇది వెంటపడి పరుగెడుతూ ఉంటుంది. అందుకే లోపలున్నవాళ్ళకి మధ్యాహ్నం కాదు. ఇప్పుడు మీ చెల్లెలు కిటికీలోంచి చూస్తే ఉదయమే. సాయంత్రం మనం దీపాలు పెట్టుకునేటప్పుడు చూసినా ఉదయమే. పద్నాలుగు గంటలూ ఉదయమే బాబాయ్."

కళ్ళజోళ్ళాయన ఆ దారం వైపు చూస్తూ ఉండిపోయాడు. ఒక్క ఉదయాన్ని సాగదీసి, సాగదీసి, భూమి అటు అంచుదాకా లాగి కట్టడం. ఇంత పని రోజూ పైన జరుగుతుంటే తను కింద కూర్చుని ఫ్రేములకి మరలు బిగిస్తున్నాడు. ఒక్క నిమిషం ఆయనకి ఒళ్ళు జలదరించింది. ఆ తర్వాత చెల్లెలు గుర్తొచ్చింది.

"దానికి ఐదని చెప్పాను. ఆరైతే తనవల్ల కాదంది."

"పైలట్ చెబుతాడుగా, ప్రయాణం ఎన్ని గంటలో."

"ఎప్పుడు చెబుతాడు?"

"తలుపులు మూశాక."

ఇంటికి ఎలా వచ్చాడో ఆయనకి తెలియదు. దారిలో ఎవరో నమస్కారం పెడితే "పద్నాలుగు" అన్నాడట. వదిన కుర్చీలో అలాగే ఉంది. జరిగిందంతా చెప్పి, ఆమె కాళ్ళ దగ్గర నేలమీద కూలబడ్డాడు.

"దాన్ని నేనే పైకి పంపి తలుపేశాను. ఐదు గంటల ధైర్యం కూడగట్టుకుని ఎక్కింది. మిగతా తొమ్మిది గంటలకి ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటుంది? గొడవ చేస్తుందేమో. దింపేయమని ఏడుస్తుందేమో. దిగినా అక్కడ పని నేర్చుకునే మనిషిలా ఉంటుందా?"

వదిన ముక్కుకున్న క్లిప్పు తీసింది. కాసేపు కిటికీలోంచి ఆకాశం వైపు చూసింది.

"అయితే మీరు ఇంకో మూడు భోజనాలు పెట్టాలి" అంది.

"నీకు మతి ఉందా? పొద్దుటినుంచీ కూర్చున్నావు, ఇంకా రాత్రి ఎనిమిది దాకానా? కాళ్ళు చూడు, ఎలా ఉబ్బాయో. లేచి పడుకో. నువ్వు లేస్తే విమానం పడిపోదు."

"పడిపోతుందని నేనెప్పుడన్నాను?"

"వీధంతా అదే అంటోంది. ఆ రోజు పాలు పొంగుతున్నాయని నువ్వు లేచావు, బేకరీవాడి విమానం ఊగింది."

"ఆ రోజు నేను లేవలేదు."

ఆయన అద్దాలు తుడుచుకోబోయి ఆగాడు.

"పాలు పొంగాయట పాలు. ఆ రోజు మనింట్లో పాలెక్కడివి? పాలవాడు రాలేదని మీరు నల్ల టీ తాగి పొద్దంతా గొణగలేదూ?"

గొణిగాడు. ఇప్పుడు గుర్తొచ్చింది.

"వాడు ఫోనులో ఏడుస్తున్నాడు. ఇక జన్మలో విమానం ఎక్కనన్నాడు, తిరిగి ఇంటికెలా రావాలన్నాడు. ఎందుకు ఊగిందో తెలియకపోతే మనిషి భయపడతాడండీ. అక్కయ్య లేచింది కాబట్టి ఊగింది అని తెలిస్తే అక్కయ్యని తిట్టుకుంటాడు. తిట్టుకునేవాడికి భయపడ్డానికి తీరికెక్కడిది? అందుకే తప్పు నామీద వేసుకున్నా."

"మరి ఈ బెల్టు? ఆ స్నానాలగది ముందు నిలబడ్డం? కాఫీయా టీయా?"

"అవి లేకపోతే నవ్వుతారా? గుమ్మందాకా నవ్వుతూ పోయినవాళ్ళు లోపలికీ నవ్వుతూనే పోతారు. నలుగురికి నవ్వుకోవడానికి ఏదో ఒకటి కావాలి. నాకా, పోయే పరువు ఎక్కువేం లేదు."

పన్నెండు వేల కిలోమీటర్ల దారం చూసినప్పుడు జలదరించిన ఆయన ఒళ్ళు ఇప్పుడు మళ్ళీ జలదరించింది. ఇన్నేళ్ళూ ఆయన పక్కన పిచ్చిది ఒకతె కాపురం చేస్తోందనుకున్నాడు. ఇన్నేళ్ళూ పిచ్చివాడు ఎవరో ఇప్పుడు తెలిసింది.

చివరికి అన్నాడు. "అంతా నాటకమే అయితే మరీ మంచిది కదా. లేచి పడుకో. దానికేం తెలుస్తుంది?"

"పాలు పొంగడం నాటకం. కూర్చోవడం నాటకం కాదు" అంది వదిన. "అక్కడ అది బిక్కుబిక్కుమంటూ, మా వదిన కూర్చునుంటుంది అనుకుంటూ ఉంటుంది. ఆ ఒక్క మాటా నిజంగా ఉండాలి. నేను పడుకున్నాననుకోండి, పన్నెండు వేల కిలోమీటర్ల అవతల అది అబద్ధాన్ని పట్టుకుని వేలాడుతున్నట్టు. పోండి, పోయి ఆ దిండు తెచ్చి నడుం వెనక పెట్టండి."

ఆయన దిండు తెచ్చాడు. పెట్టాడు. లోపలికెళ్ళి ఏదో ఈడ్చుకుంటూ వచ్చాడు. వంటింట్లో కుర్చీ. దాన్ని ఆమె పక్కన వేసి కూర్చుని, కొలత టేపు తీసి నడుం చుట్టూ తిప్పి ముడివేసుకున్నాడు.

"ఇదేమిటి?"

"ప్రయాణం."

"కిటికీ సీటు నాది. మధ్యలో మారమంటే కుదరదు."

"సరే."

"ఆ గోళ్ళ కట్టరు జేబులో ఉందా?"

తీసి ఇచ్చేశాడు.

సాయంత్రమైంది. భోజనాలు పెట్టేవాళ్ళు లేక ఇద్దరూ ఒక బిస్కెట్టు పొట్లంతో సరిపెట్టుకుంటుంటే, రొట్టెలు ఇవ్వడానికి బేకరీ తమ్ముడు వచ్చాడు. గుమ్మంలో అలాగే నిలబడిపోయాడు. ఒకరికి కర్టెన్ బెల్టు, ఒకరికి కొలత టేపు.

"బావగారు కూడానా?"

"పెద్ద విమానం తమ్ముడూ. పద్నాలుగు గంటలు. ఒకరివల్ల అయ్యేది కాదు" అంది వదిన. "సిబ్బంది కూడా ఎక్కి కూర్చున్నాడు. ఇక నువ్వే చూసుకోవాలి."

బేకరీ తమ్ముడు చేతులు కడుక్కుని, గంభీరంగా పళ్ళెం పట్టుకొచ్చాడు. "టీయా, కాఫీయా?" అని అడిగాడు. ఎవరూ నేర్పకుండానే.

వీధిలో దీపాలు వెలిగాయి. కిటికీ నల్లబడింది. కళ్ళజోళ్ళాయన ఆ నల్లటి అద్దంలోకి చూస్తూ, "అక్కడింకా పొద్దునే" అన్నాడు మెల్లగా.

"పొద్దునేనా?"

"పది కావొస్తుంటుంది."

"అయితే అమ్మాయి ఇంకా టిఫినులోనే ఉందన్నమాట. అదృష్టవంతురాలు." వదిన కిటికీ వైపు తిరిగింది. కుర్చీలో కూర్చుని లోకమంతా తిరిగిన మనిషి, అంత దూరం ఎప్పుడూ వెళ్ళలేదు మరి.

ఎనిమిది దాటాక ఫోను మోగింది. బేకరీ తమ్ముడు ఎగిరి గంతేసి వదిన కుర్చీ ఎత్తి వదిలాడు. అదే ఊపులో బావగారి కుర్చీ కూడా ఎత్తాడు. పిండి బస్తాలెత్తే చెయ్యి అది. జానెడు ఎత్తాల్సింది మూరెడు ఎత్తి వదిలేశాడు. కళ్ళజోళ్ళాయన అద్దాలు ఎగిరి రొట్టెల్లో పడ్డాయి.

వదిన ఫోను ఎత్తింది. ఆయన టేపుతో సహా వంగి చెవి ఆనించాడు.

"ముందు ఆ అన్నయ్యకి ఇవ్వు" అంది ఆడపడుచు గొంతు, చెవులు చిల్లులు పడేలా. "పదకొండులోంచి ఆరు తీసెయ్యమన్న మహానుభావుడికి."

"ఇక్కడే ఉన్నాడు, వింటున్నాడు. నువ్వెలా ఉన్నావు అమ్మాయ్?"

"ఎలా ఉంటాను? తలుపులు మూసి, ప్రయాణం పద్నాలుగు గంటలని చెప్పారు. పెట్టె తీసుకుని దిగిపోదామని లేవబోయాను, బెల్టు ఉంది, లేవలేకపోయాను. కళ్ళముందు చీకట్లు. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. నాకు చెప్పడానికి పైలట్ ఉన్నాడు. మా వదినకి ఎవరు చెబుతారు? ఐదు గంటలనుకుని రెండు భోజనాలు పెట్టుకుని కూర్చుంది, ఫోను రాందే లేవదు, అన్నయ్యేమో కుర్చీ వెనక వంగి నిలబడి ఉంటాడు, పద్నాలుగు గంటలు అలాగే వంగి... నాకు నవ్వొచ్చేసింది వదినా. ఆగదే. పక్కావిడ ఏమైందంది. చెప్పాను. ఆవిడ వెనకసీటాయనకి చెప్పింది. మధ్యాహ్నం, కాదు, ఆ మాయదారి ఉదయం మధ్యలో విమానం ఊగితే, ముందు వరసలోంచి ఎవరో, 'వదిన తుమ్మినట్టుంది' అన్నారు. విమానం విమానమంతా ఒకటే నవ్వు."

వదిన బట్టల క్లిప్పుని వేళ్ళ మధ్య తెరుస్తూ మూస్తూ ఉంది.

"కంపెనీవాళ్ళు పేరు రాసిన అట్ట పట్టుకుని నిలబడ్డారు, వెళ్ళాలి. అవునూ, అసలు సంగతి అడగనేలేదు. వదినా, నువ్వు క్షేమంగా దిగావా?"

"దిగాం తల్లీ" అంది కుర్చీ వదిన, కర్టెన్ బెల్టు విప్పుకుంటూ. "మీ అన్నయ్యకే దిగేటప్పుడు కాస్త గట్టిగా తగిలింది. మొదటిసారి కదా."